కాగితం మీద తప్పు లేదు

మాకు తెలిసిన ఒక మస్జిదుకు రోడ్డు వైపున నాలుగు దుకాణాలున్నాయి. ఎన్నో ఏళ్ళ క్రితం ఒక పుణ్యాత్ముడు మస్జిదు ఖర్చుల కోసమని వక్ఫ్ చేసిన స్థలంలో కట్టినవి అవి. వాటిలో ఒకదాని మీద మస్జిదుకు అందే అద్దె నెలకు 300 రూపాయలు. ఆ దుకాణంలో నిజంగా కూర్చుని వ్యాపారం చేసుకునే కుర్రవాడు నెలనెలా చెల్లించేది 9,000 రూపాయలు. మధ్యలో ఉన్న పెద్దమనిషి అయిదు పూటలా మొదటి వరుసలో నమాజు చేసే మనిషే. అద్దెకు తీసుకున్నవారు దాన్ని మరొకరికి అద్దెకివ్వకూడదని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. అందుకని ఆయన ఆ కుర్రవాణ్ణి తన వ్యాపారంలో భాగస్వామిగా కాగితం రాయించాడు. ఒకసారి మౌజన్ సాబ్ జీతం రెండు నెలలు ఆగిపోయింది. అప్పుడు కమిటీలో ఒకరు ఈ సంగతి ఎత్తారు. పెద్దమనిషి కోపగించుకోలేదు. "కాగితం మీద తప్పెక్కడుందో చూపించండి" అన్నాడు నెమ్మదిగా. ఎవరూ చూపించలేకపోయారు.

ఇది ఒక్క మస్జిదు గోడు కాదు. 2006 నవంబరులో కేంద్ర ప్రభుత్వానికి అందిన సచార్ కమిటీ నివేదిక దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలనీ, వాటి మీద ఏడాదికి వచ్చే ఆదాయం దాదాపు 163 కోట్లు మాత్రమేననీ లెక్క తేల్చింది. ఆ ఆస్తులను సరిగా వినియోగిస్తే ఏడాదికి 12,000 కోట్ల దాకా రావచ్చునని కూడా ఆ కమిటీయే అంచనా వేసింది. ఈ తేడా అంతా పరాయివాళ్ళ ఆక్రమణల వల్లే వచ్చిందని చెప్పుకుంటే మన మనసుకు హాయిగా ఉంటుంది. మన మస్జిదుల ముందున్న దుకాణాల అద్దె పుస్తకాలు తిరగేస్తే ఆ హాయి ఎంతోసేపు నిలవదు.

దొంగతనం, దోపిడీ పాపమని మన పిల్లలకు కూడా తెలుసు. వాటి గురించి ఈ నెల పాఠంలో చెప్పబోవడం లేదు. అక్షరాన్ని నిలబెట్టి అర్థాన్ని చంపే మోసం ఒకటుంది. చేసినవాడు తలెత్తుకు తిరుగుతాడు, మోసపోయినవాడు ఏమని ఫిర్యాదు చేయాలో తెలియక నోరు మూసుకుంటాడు. బహిరంగ జీవితంలో, అంటే పదిమంది సొమ్ము, పదిమంది పని, పదిమంది నమ్మకం ఉన్న చోట, ఎక్కువగా జరిగేది ఈ రకం మోసమే. ఇస్లాం దీన్ని ఏ తక్కెడలో తూచిందో చూద్దాం.

ప్రమాణానికి అర్థం ఎవరిది?

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక చిన్న హదీసు ఉంది. మనిషి చేసే ప్రమాణాన్ని అవతలివాడు ఏ అర్థంలో నమ్ముతున్నాడో ఆ అర్థంలోనే అది చెల్లుతుందని దైవప్రవక్త (స) అందులో తెలియజేశారు. ప్రమాణం చేయించుకునేవాని సంకల్పాన్ని బట్టే ప్రమాణం ఉంటుందని మరో ఉల్లేఖనం.

రెండు ముక్కల మాట. కాని ఎన్ని తలుపులు మూసేసిందో ఆలోచించండి. అప్పు తీసుకున్నవాడు ఖాజీ ముందు నిలబడి, "ఇతని డబ్బు నా దగ్గర లేదు" అని ప్రమాణం చేశాడనుకుందాం. "ఇప్పుడు నా జేబులో లేదు, ఇంట్లో పెట్టెలో ఉంది" అని మనసులో సమాధానం చెప్పుకున్నాడు. నోటితో పలికిన మాటలో అబద్ధం లేదు. అయినా అది అబద్ధ ప్రమాణమే. ఎందుకంటే ఖాజీ అడిగింది జేబు గురించి కాదు.

దీనికి ఒక మినహాయింపు లేకపోలేదు. అబూ దావూద్ గ్రంథంలో సువైద్ బిన్ హన్‌జలా (రజి) తన సంగతి చెప్పుకున్నారు. వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) తోపాటు కొందరు ప్రయాణమై వెళ్తుంటే వాయిల్‌ను ఒక శత్రువు పట్టుకున్నాడు. వెంట ఉన్నవాళ్ళు ప్రమాణం చేయడానికి వెనకాడారు. సువైద్ మాత్రం 'ఇతను నా సోదరుడు' అని ప్రమాణం చేసి ఆయన్ని విడిపించారు. ముస్లిం ముస్లింకు సోదరుడే కనుక నువ్వు చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) ఆయనకు ఊరట కలిగించారు. అయితే అది దౌర్జన్యం చేసేవాడి చేతిలోంచి ఒక ప్రాణాన్ని కాపాడటానికి వాడిన మాట. ఇంకొకరి హక్కును కాజేయడానికి ఈ హదీసును అడ్డం పెట్టుకునేవాళ్ళు దాని సగమే చదివినట్లు. ధార్మిక పండితులు ఈ తేడాను ఎప్పుడో గీత గీసి చూపించారు.

గడువు తీరే రోజు కోసం సరిహద్దులో

ఈ సూత్రం ఇద్దరు మనుషుల మధ్య లావాదేవీలకే పరిమితం కాదు. దాన్ని రాజ్య వ్యవహారంలో చూపించే ఒక సంఘటన తిర్మిజీ, అబూ దావూద్ హదీసు గ్రంథాల్లో ఉంది. హజ్రత్ ముఆవియా (రజి)కీ రోమన్లకూ మధ్య కొంత గడువుతో సంధి ఒప్పందం ఉండేది. గడువు పూర్తి కావస్తోంది. ముఆవియా (రజి) సైన్యంతో రోమన్ల భూభాగం వైపు కదిలారు. దాడి చేయలేదు. గడువు ముగిసేనాటికి సరిహద్దు దగ్గర ఉంటే, ముగిసిన మరుక్షణమే విరుచుకుపడవచ్చునన్నది వ్యూహం.

ఒప్పందంలో ఒక్క అక్షరం కూడా చెదరలేదని గమనించండి. గడువు లోపల కత్తి దూయడం లేదు. సైన్యం ఎక్కడ నిలబడాలో ఆ సంధిలో రాసి ఉందని ఉల్లేఖనంలో ఎక్కడా లేదు. ఈ రోజుల్లో ఏ న్యాయవాదిని అడిగినా, "నిక్షేపంగా వెళ్ళండి" అనే అంటాడు.

అంతలో ఒక మనిషి గుర్రాన్ని దౌడు తీయిస్తూ వచ్చాడు. అల్లాహ్ గొప్పదనాన్ని చాటుతూ, మాట నిలుపుకోవాలే గాని ద్రోహం తగదని కేకలు వేస్తున్నాడు. చూస్తే ఆయన అమ్ర్ బిన్ అబసా (రజి). మక్కాలో ఇస్లాం తొలి రోజుల్లోనే విశ్వసించిన సహాబీ. ముఆవియా (రజి) ఆయన్ని పిలిపించి విషయమేమిటని అడిగారు. ఎవరితోనైనా ఒప్పందం ఉన్నవాడు గడువు తీరేవరకూ ఆ ముడిని వదులు చేయకూడదు, బిగించకూడదు, లేదా ఒప్పందం ఇక లేదని అవతలివారికి బాహాటంగా చెప్పి ఇద్దరూ సమానంగా ఎరుకలో ఉండేలా చేయాలని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆయన జవాబిచ్చారు. ముఆవియా (రజి) సైన్యాన్ని వెనక్కి మరలించారు.

ఆయన స్థానంలో మనముంటే ఏం చేసేవాళ్ళమో కాస్త ఊహించుకోవాలి. బయలుదేరిన సైన్యాన్ని ఉత్త చేతులతో తిప్పడమంటే మాటలు కాదు. ఖర్చు అయింది, రహస్యం బయటపడింది, మంచి అదను చేజారింది. పైగా ఆపినవాడు సేనాని కాడు, ఖాజీ కాడు, ఒంటరి రౌతు. కాని ఆయన చెప్పిన హదీసులోని భావం సూటిగా తగిలింది. గడువు ముగిసేదాకా నిశ్చింతగా ఉండవచ్చని అవతలివాళ్ళు నమ్మారు. ఆ నిశ్చింతనే ఆయుధంగా వాడుకోవడం ద్రోహం. అవతలివాళ్ళ వల్ల ద్రోహం జరుగుతుందన్న భయం ఉంటే ఒప్పందాన్ని వాళ్ళ ముందే బాహాటంగా తిరిగి ఇచ్చేయమని అల్ అన్ఫాల్ సూరాలోని 58వ ఆయతు ఆదేశిస్తోంది. భయం ఉన్నప్పుడే చాటుగా తెంచే అనుమతి లేకపోతే, లాభం కనిపించినప్పుడు ఎక్కడిది?

ఇక్కడ కొందరు వెంటనే ఒక మాట అంటారు: యుద్ధమంటేనే ఎత్తుగడ అని హదీసులో ఉంది కదా అని. ఉంది, నిజమే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దానికి వ్యాఖ్య రాస్తూ ఇమామ్ నవవీ (రహ్మ), శత్రువును యుద్ధంలో ఏమార్చవచ్చునన్న విషయంలో పండితులందరిదీ ఒకే మాట అంటూనే, ఒప్పందాన్నిగాని ఇచ్చిన అభయాన్నిగాని భంగపరిచే ఎత్తుగడ మాత్రం చెల్లదని అక్కడే హద్దు గీశారు. అసలు యుద్ధం మాటను ఎన్నికలకూ, మస్జిదు కమిటీలకూ, టెండర్లకూ వర్తింపజేయడం ఎవరు నేర్పారో మాకు అర్థం కాదు. పొరుగువాడితో మనకు యుద్ధం లేదు.

బద్ర్‌కు రాని ఇద్దరు

ఇంకా కఠినమైన పరీక్ష ఒకటుంది. బద్ర్ యుద్ధానికి ముందు హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి హుసైల్ (రజి) మదీనాకు వస్తుండగా ఖురైషీయులు పట్టుకున్నారు. మదీనాకు వెళ్తాంగాని ముహమ్మద్ (స) పక్షాన పోరాడబోమని అల్లాహ్ సాక్షిగా మాట తీసుకుని వదిలేశారు. తండ్రీకొడుకులు వచ్చి జరిగింది దైవప్రవక్త (స)కు చెప్పారు. ఎదుట ఉన్నది దాదాపు వెయ్యిమంది శత్రువులు, తమవైపు మూడు వందల పైచిలుకు. ఒక్కొక్క మనిషీ విలువైన రోజు. పైగా మాట ఇచ్చింది బలవంతం మీద, ఇచ్చింది బద్ధశత్రువులకు. అయినా ఆయన (స) వారిద్దరినీ వెళ్ళిపొమ్మన్నారు. వారికిచ్చిన మాట నిలుపుదాం, వారిపై గెలుపు కోసం అల్లాహ్ సాయం కోరుదాం అన్నది ఆయన నిర్ణయ సారాంశం. బద్ర్‌లో తాను లేకపోవడానికి కారణం ఇదేనని హుజైఫా (రజి) స్వయంగా చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది.

ఇలాంటి మాటను నిలుపుకోవడం వాజిబ్ కాకపోయినా, తన అనుచరులు మాట తప్పుతారన్న పేరు లోకంలో వ్యాపించకూడదని దైవప్రవక్త (స) కోరుకున్నారని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. ఇద్దరు సైనికుల కన్నా సముదాయం మీద ఉండే నమ్మకం బరువైనదన్నమాట. మనలో ఒకడు దొంగ ఆదాయ ధ్రువపత్రంతో పేద విద్యార్థికి దక్కాల్సిన స్కాలర్‌షిప్ తీసుకున్నప్పుడు, రేపు నిజమైన పేదవాడు అదే కార్యాలయానికి వెళ్తే గుమస్తా అతన్ని ఎలా చూస్తాడో మనం ఎప్పుడైనా లెక్క వేశామా?

మనవాడు కదా అని

మోసం చేసేది ఒక్కడైతే దాన్ని మోసేది పదిమంది. ఈ విషయంలో అన్ నిసా సూరా 105 నుంచి 113 వరకూ ఉన్న ఆయతులు ప్రతి ముస్లిం పెద్దా చదువుకోవలసినవి. వాటి నేపథ్యాన్ని తిర్మిజీ ఉల్లేఖించారు. మదీనాలో రిఫాఆ బిన్ జైద్ (రజి) అనే వృద్ధుడు సిరియా నుంచి వచ్చిన వర్తకుల దగ్గర మేలురకం పిండి కొని, తన ఆయుధాలున్న మేడగదిలో దాచుకున్నారు. రాత్రికి రాత్రి కన్నం పడింది. పిండి పోయింది, ఆయుధాలూ పోయాయి. ఆనవాళ్ళు ఉబైరిఖ్ కుటుంబం వైపు చూపాయి. వాళ్ళేమో లబీద్ బిన్ సహ్ల్ (రజి) అనే సజ్జనుడి మీదికి నింద నెట్టారు. ఆయన కత్తి దూసి, తేల్చండి ఈ సంగతి అని నిలదీసేసరికి వెనక్కి తగ్గారు.

ఆ తర్వాత జరిగింది మనకు బాగా పరిచయమైన తంతు. తెగవాళ్ళు కూడబలుక్కుని దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి, మంచి ముస్లిం కుటుంబం మీద సాక్ష్యం లేకుండా దొంగతనం అంటగడుతున్నారని మొరపెట్టుకున్నారు. ఫిర్యాదు చేసిన ఖతాదా (రజి), అంటే రిఫాఆ అన్నకొడుకు, మందలింపు వినవలసి వచ్చింది. ఎంతో కొంత సొత్తు పోయినా సరే, అసలు ఈ మాట ఎత్తకుండా ఉంటే బాగుండేదని ఆయన కుమిలిపోయారు. న్యాయమడిగినవాడు తలవంచుకుని ఇంటికి వెళ్ళాడు. అప్పుడు అవతరించాయి ఆ ఆయతులు. నమ్మకద్రోహుల తరఫున వాదించవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. ఇహలోకంలో వీళ్ళ పక్షాన వాదించారు సరే, ప్రళయదినాన అల్లాహ్ ముందు ఎవరు వాదిస్తారని ఆ తెగను నిలదీశాడు. తాను చేసిన పాపాన్ని అమాయకుడి నెత్తిన రుద్దేవాడు ఎంత బరువు మోస్తాడో చెప్పాడు. కొన్ని తఫ్సీర్లలో నింద మోపింది ఒక యూదుని మీదనీ, దొంగిలించిన కవచాన్ని అతని ఇంట్లో పెట్టారనీ ఉంది. ఆ ఉల్లేఖనం ప్రకారం చూస్తే, ముస్లిం అనిపించుకున్నవాడి నేరాన్ని బయటపెట్టి యూదుని నిర్దోషిత్వాన్ని చాటడానికి దివ్యావిష్కృతి దిగివచ్చిందన్నమాట.

ఉమ్ములు మోమినీన్ హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన మరో హదీసును దీని పక్కన పెట్టి చూడాలి. తాను విన్నదాన్ని బట్టి తీర్పు చెబుతాననీ, వాదనలో నేర్పరి అయినవాడికి పొరపాటున ఇంకొకరి హక్కు దక్కేలా తీర్పునిస్తే, అది అతనికి నిప్పు ముక్క కోసి ఇచ్చినట్లేనని దైవప్రవక్త (స) చెప్పారు. ప్రవక్త నోటి నుంచి వచ్చిన తీర్పే హరామును హలాలు చేయలేనప్పుడు, రెండు వందల రూపాయల స్టాంపు కాగితం చేస్తుందా?

జకాత్ వసూలుకు వెళ్ళి, కొంత ముట్టజెప్పి, ఇది మాత్రం నాకు వచ్చిన కానుక అన్న ఇబ్నుల్ లుత్‌బియ్యా ఉదంతం పాఠకులు ఎన్నోసార్లు విని ఉంటారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అన్న ప్రశ్న వేసి దైవప్రవక్త (స) విషయం తేల్చేశారు. పండక్కి కాంట్రాక్టరు ఇంటికి పంపిన మిఠాయి డబ్బాకు కూడా ఆ ప్రశ్నే వేసుకోవాలి.

సరిగ్గా మూడింట రెండు వంతులు

అన్ నహ్ల్ సూరా 92వ ఆయతులో, కష్టపడి వడికిన నూలును తానే పోగుపోగుగా విప్పేసుకునే స్త్రీ ఉపమానం ఉంది. ఒక వర్గం మరో వర్గం కన్నా బలంగా ఉందని ప్రమాణాలను మోసానికి సాధనం చేసుకోవద్దన్న హెచ్చరిక ఆ ఆయతులోదే. అరబ్బు తెగలు ఒకరితో మైత్రి ఒప్పందం చేసుకుని, అంతకన్నా బలమైనవాళ్ళు కనిపించగానే మొదటివాళ్ళను వదిలేసేవని ముజాహిద్ (రహ్మ) దీనికి వివరణ ఇచ్చారు.

ఈ వివరణ చదివితే మన శాసనసభలు గుర్తుకు రాకుండా ఉండవు. 2014, 2019 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్ష వైఎస్సార్ కాంగ్రెస్ టిక్కెట్టు మీద గెలిచిన 23 మంది అధికార తెలుగుదేశం వైపు వెళ్ళారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులు కూడా అయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్ సభ్యులు 12 మంది అప్పటి టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విలీనానికి మూడింట రెండు వంతుల మంది కావాలి. ఒకరి రాజీనామాతో కాంగ్రెస్ బలం అప్పుడే 18కి తగ్గింది. 18లో 12 అంటే సరిగ్గా అంతే. 2023 ఎన్నికల తర్వాత ప్రవాహం ఎదురు తిరిగింది, బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు. ఏ పార్టీనీ వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు, ఏ పార్టీ చేతులూ శుభ్రంగా లేవు కూడా. చట్టం సంగతి స్పీకర్లూ న్యాయస్థానాలూ చూసుకుంటారు. మేము అడిగేది మొదటి హదీసు అడిగే ప్రశ్నే. ఎండలో వరుసలో నిలబడి ఓటు వేసిన ముసలమ్మ ఏమని నమ్మి వేసింది?

ఆ ముసలమ్మ తరఫున ఇంత గట్టిగా మాట్లాడాక, మన ఇళ్ళలోకి కూడా తొంగిచూడాలి. ఎన్నికల ముందు రాత్రి గల్లీలోకి డబ్బు వస్తుంది. కొన్నిచోట్ల ఖుర్ఆన్ మీద చెయ్యి పెట్టించి మరీ ఇస్తున్నారు. డబ్బు తీసుకుని ఓటు ఇంకొకరికి వేస్తే మాట తప్పినట్లా, లేక ఆ డబ్బిచ్చినవాడికే వేయాలా అని మా దగ్గరికి వచ్చి అడిగినవాళ్ళున్నారు. కొందరైతే రెండు పార్టీల దగ్గరా తీసుకుని, అది తెలివి అనుకుంటారు. ఓటు సాక్ష్యం లాంటిదని పండితులు చెబుతారు. దాన్ని అమ్ముకోవడం హరాము, ఆ డబ్బు లంచం. చట్టం దృష్టిలో కూడా ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ నేరస్తులే. తప్పు పనికి చేసిన ప్రమాణాన్ని నెరవేర్చడం తప్పు. ప్రమాణం చేశాక అంతకన్నా మేలైనది కనిపిస్తే ఆ మేలైనదే చేసి, ప్రమాణానికి పరిహారం చెల్లించమని హదీసు. కనుక డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. అర్హుడనుకున్నవాడికే ఓటు వేయాలి. అల్ మాయిదా సూరా 89వ ఆయతులో చెప్పినట్లు పదిమంది పేదలకు అన్నం పెట్టాలి లేదా బట్టలివ్వాలి, అది చేతకానివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. డబ్బు ఉంచేసుకుని ఉపవాసాలు మాత్రం ఉంటామనేవాళ్ళకు మా దగ్గర జవాబు లేదు.

మస్జిదు దుకాణం పెద్దమనిషికి కూడా దారి మూసుకుపోలేదు. మనుషుల హక్కుకు, వక్ఫ్ హక్కుకు సంబంధించిన తప్పులో తౌబా అంటే కన్నీళ్ళు మాత్రమే కాదు, తీసుకున్నది తిరిగి ఇవ్వడం కూడా. నెలకు 8,700 చొప్పున ఎన్ని నెలలైతే అన్ని నెలలకు లెక్క కట్టుకోవాలి. ఒకేసారి ఇవ్వలేకపోతే కమిటీతో మాట్లాడుకుని వాయిదాల్లో తీర్చవచ్చు. ఆ కుర్రవాడితో మస్జిదు నేరుగా ఒప్పందం రాసుకుంటే, మౌజన్ సాబ్ జీతానికి మళ్ళీ చందా డబ్బా తిప్పే అవసరం రాదు. కష్టమే. సరిహద్దు దాకా వచ్చిన సైన్యాన్ని వెనక్కి తిప్పినంత కష్టం మాత్రం కాదు.

బద్ర్ నుంచి వెనక్కి పంపబడిన హుజైఫా (రజి) ఆ తర్వాత చాలాకాలం జీవించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని మదాయిన్‌కు పాలనాధికారిగా పంపారు. విశ్వసనీయత మనుషుల హృదయాల లోతుల్లోకి ఎలా దిగిందో, తర్వాత ఎలా జారిపోతుందో చెప్పే సుదీర్ఘమైన హదీసు కూడా ఆయన ఉల్లేఖించినదే. ఫలానా తెగలో ఒక నమ్మకస్తుడున్నాడట అని జనం వింతగా చెప్పుకునే రోజు వస్తుందని అందులో ఉంది. దాన్ని వినిపిస్తూ ఆయన తన అనుభవం కూడా చెప్పారు. ఒకప్పుడు ఎవరితో బేరం చేస్తున్నానన్న పట్టింపే తనకు ఉండేది కాదట. అవతలివాడు ముస్లిం అయితే అతని ధర్మమే తన సొమ్ము తనకు తిరిగి ఇప్పించేది, క్రైస్తవుడైతే అతని మీది అధికారి ఇప్పించేవాడు. ఇప్పుడు మాత్రం ఫలానా, ఫలానా వ్యక్తులతో తప్ప ఎవరితోనూ లావాదేవీ పెట్టుకోవడం లేదన్నారాయన.